క్యాలెండర్‌ మీద రెండో ‘పా’

ఆ ఇంట్లో క్యాలెండర్‌ మీద ‘పా’ అని ఉంటే పాలు అని అర్థం. లీటరు తీసుకున్న రోజు ‘పా 1’. అరలీటరైతే ‘పా ½’. పాలబ్బాయి రాకపోతే సున్నా. నలభై ఏళ్లుగా ఆ లెక్క రాసేది అత్తగారే. పల్లెలో ఉన్నప్పుడూ అంతే. కొడుకు దగ్గరకు హైదరాబాదు వచ్చి, కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటులో స్థిరపడ్డాకా అంతే.

2024 జులైలో ఓ ఆదివారం. పాల బిల్లు సరిచూసుకుందామని జూన్‌ కాగితం తిరగేసింది కోడలు. పాల లెక్క సరిగ్గానే ఉంది. కానీ అక్కడక్కడా కొన్ని ‘పా’ల చుట్టూ గుండ్రంగా గీత. పక్కన అంకెలు... 899, 1,299, 749. లీటరు పాలు వెయ్యి రూపాయలెప్పుడయ్యాయి?

“ఇవేంటత్తయ్యా?”

పూజగదిలో వత్తులు చేసుకుంటున్న పెద్దావిడ తలెత్తకుండానే చెప్పారు. “అవి పాలు కాదమ్మా. పార్సిళ్లు. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు వచ్చినవి. డబ్బులిస్తేగానీ ఇవ్వనంటాడుగా ఆ అబ్బాయి. మర్చిపోతానేమోనని రాసుకున్నా.”

జనవరి నుంచి జూన్‌ దాకా కాగితాలన్నీ తిరగేసిందామె. గుండ్రటి గీతలు మొత్తం తొమ్మిది. కూడితే 8,640 రూపాయలు. ‘సాయంత్రం ఇచ్చేస్తా అత్తయ్యా’ అని ప్రతిసారీ ఫోన్లో చెప్పింది తనే. మూడుసార్లు ఇచ్చింది... 2,890. మిగతా ఆరుసార్లూ మర్చిపోయింది. అంటే, మామగారు పోయాక వచ్చే కుటుంబ పింఛనులో, మందులకు పోగా ఆవిడ మిగుల్చుకున్న డబ్బుల్లోంచి 5,750 రూపాయలు బట్టలై తన బీరువాలో చేరాయి.

అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. అత్తగారికి కళ్లజోడు అద్దాలు మార్చాలని కంటి డాక్టరు ఫిబ్రవరిలోనే చెప్పారు. ‘ఇప్పుడేం తొందరమ్మా, ఇంకో రెండు నెలలు పోనీ’ అంటూ ఆవిడ వాయిదా వేస్తున్నారు. రోజూ పేపరు పట్టుకుని కిటికీ దగ్గరకెళ్లి, భూతద్దం పెట్టుకుని చదువుకుంటున్నారు. చేతిలో డబ్బుల్లేకే అలా అంటున్నారని అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. కోడలికి ఎక్కువ గుచ్చుకుంది అదే.

పాతదేనండీ..!

విచిత్రమేంటంటే... ఆమె చేసే ఉద్యోగమే లెక్కలది. అమీర్‌పేటలో ఓ ప్రైవేటు కంపెనీ అకౌంట్స్‌ విభాగంలో పన్నెండేళ్లుగా పనిచేస్తోంది. పది రూపాయల వోచరు తేడా వచ్చినా సాయంత్రం దాకా వదలదు. ఎవరే ఫైలు పంపినా ఎక్సెల్‌ తెరిచి, నిలువు వరసలూ అడ్డు వరసలూ కూడి, ఎక్కడ తప్పుందో వేలుపెట్టి చూపిస్తుంది. అలాంటి మనిషికి సొంత ఇంట్లో బట్టల మీద ఏడాదికెంత పోతోందో తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

మొదట్లో అది ఖర్చులా కనిపించలేదు మరి. వెయ్యి లోపు కుర్తీ. పండక్కి పనికొస్తుందని ఓ దుపట్టా. ‘రెండు కొంటే మూడోది ఉచితం’ అంటే మూడు లెగ్గింగులు. ఒక్కోటీ చిన్న మొత్తమే. ఎవరి దగ్గరా అనుమతి తీసుకోవాల్సిన పనిలేదు. తన జీతం, తన ఫోను.

దాచడం ఎప్పుడు మొదలైందో ఆమెకూ సరిగ్గా గుర్తులేదు. ‘ఇది కొత్తదా?’ అని భర్త మామూలుగానే అడిగాడు ఒకసారి. ‘పాతదేనండీ, మీరే చూడలేదు’ అనేసింది. ఎందుకలా అందో తనకే తెలీలేదు. ఆ తర్వాత అది అలవాటైంది. పార్సిలు అట్టపెట్టెల్ని మడిచి చెత్తబుట్ట అడుగున పెట్టడం, ఇంటికి రావాల్సినవాటిని ఆఫీసు చిరునామాకు తెప్పించుకోవడం, కొత్త బట్టను ఒకసారి ఉతికి ఆరేసి పాతవాటిలో కలిపేయడం... ఇవన్నీ వరసగా వచ్చి చేరాయి. అంత అవసరమైన వస్తువైతే ఇంత దాపరికమెందుకు? ఆ ప్రశ్న వేసుకోవడానికి ఆమెకు తీరిక దొరకలేదు. పెట్టలేక పెట్టలేక కుక్కితే బీరువా తలుపు మూసుకోవడం మానేసింది. దానికి అడ్డంగా కుర్చీ వేశారు.

అదే సమయంలో ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు ఓ రాత్రి పరుగెత్తుకుంటూ వచ్చింది. “అమ్మా, తొందరగా ఓటీపీ చెప్పు. రెండే మిగిలాయట!” ఆ గొంతులో కంగారు ఆమెకు బాగా తెలిసిందే. అచ్చం తనదే.

బజారే ఇంటికొచ్చింది

ఒకప్పుడు బట్టలు కొనడమంటే ఓ కార్యక్రమం. సంక్రాంతికో దసరాకో తాను చింపించి అన్నదమ్ములందరికీ ఒకే రంగు చొక్కాలు కుట్టించడం చాలా ఇళ్లలో మామూలే. దుకాణానికి వెళ్లాలంటే నలుగురూ కలవాలి. బస్సెక్కాలి. బేరమాడాలి. ‘ఇంకో షాపు చూద్దాం’ అని బయటికి రావాలి. ఆ మధ్యలో ఎన్నో కోరికలు వాటంతటవే చల్లారిపోయేవి.

ఆ దూరం మెల్లమెల్లగా చెరిగిపోయింది. 2007లో బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్‌ పుస్తకాల అమ్మకంతో మొదలైంది. అదే ఏడాది పుట్టిన మింత్రా, పేర్లు ముద్రించిన కానుకలు అమ్ముతూ వచ్చి, తర్వాత పూర్తిగా బట్టల వైపు మళ్లింది. కార్డు వివరాలు ఇవ్వడానికి భయపడేవాళ్ల కోసం 2010లో ఫ్లిప్‌కార్ట్‌ ‘వస్తువు చేతికొచ్చాకే డబ్బు’ పద్ధతి తెచ్చింది. 2013 జూన్‌లో అమెజాన్‌ మన దేశంలో దుకాణం తెరిచింది. 2016లో యూపీఐ వచ్చాక చేతిలో నోటు లెక్కపెట్టే పని కూడా పోయింది. ఒక్కో మెట్టూ కొనేవాళ్ల సౌకర్యం కోసమే. కానీ ఒక్కో మెట్టుతోనూ ‘కావాలి’కీ ‘కొన్నా’కీ మధ్య ఉన్న ఎడం తగ్గిపోయింది. చివరికి బొటనవేలంత మిగిలింది.

ఆ మిగిలిన కాస్తనూ చెరిపేయడానికి ఎత్తులున్నాయి. తెర మీద వెనక్కి పరుగెత్తే గడియారం, ‘ఇప్పుడే పదిమంది చూస్తున్నారు’ అనే హెచ్చరిక, అడగకుండానే బుట్టలో చేరే అదనపు వస్తువు, ‘వద్దు’ అనేవాళ్లను సిగ్గుపడేలా చేసే మాటలు... ఇవన్నీ ఎంతగా పెరిగాయంటే, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ప్రకటించాల్సి వచ్చింది. ఇలాంటి పదమూడు మాయ పద్ధతుల్ని పేరుపేరునా చెప్పి నిషేధించింది. లేని తొందర పుట్టించడం వాటిలో ఒకటి.

ఇక తగ్గింపు ధర సంగతి. 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్‌ బహుమతి అందుకున్న అమెరికా ఆచార్యుడు రిచర్డ్‌ థేలర్‌ దీన్ని ఎప్పుడో విడమరిచి చెప్పాడు. ఏదైనా కొన్నప్పుడు మనకు రెండు రకాల సంతోషాలుంటాయట. వస్తువు వల్ల కలిగేది ఒకటి. మంచి బేరం కుదిరిందన్నది రెండోది. వస్తువు మనకు ఎందుకూ పనికిరాకపోయినా రెండో సంతోషం మాత్రం దక్కుతుంది. 2,499 కొట్టేసి 999 అని రాస్తే, ఖర్చయిన 999 కళ్లకు కనపడదు. మిగిలిన 1,500 కనిపిస్తుంది. నిజానికి ఆ పదిహేను వందలు ఏ ఖాతాలోనూ ఉండవు.

ఆదివారం తెరిచిన షీటు

ఆ జులై ఆదివారం మధ్యాహ్నం ఆమె నిద్రపోలేదు. లాప్‌టాప్‌ తెరిచి ఓ ఖాళీ ఎక్సెల్‌ షీటు తీసింది. ఫోన్లోని పాత ఆర్డర్లన్నీ ఒక్కోటీ చూస్తూ దింపడం మొదలుపెట్టింది. ఏ రోజు, ఎంత, ఏమిటి. ఏ గంటకు ఆర్డరు పెట్టిందో పాత మెయిళ్లూ ఎస్సెమ్మెస్‌లూ చెప్పాయి. ఆఫీసులో ఇతరుల లెక్కలు ఎలా తనిఖీ చేస్తుందో అలాగే చేసింది. దయాదాక్షిణ్యాల్లేకుండా.

2023 జులై నుంచి 2024 జూన్‌ వరకు ఆర్డరు చేసినవి 94. తిప్పి పంపినవి 21. ఇంట్లో మిగిలినవి 73. వాటి ఖరీదు 71,540 రూపాయలు.

ఆ అంకె చూసి రెండోసారి కూడింది. మారలేదు.

తర్వాత బీరువాలోవన్నీ మంచం మీద గుమ్మరించింది. ఒక్కో బట్టా చేతిలోకి తీసుకుని ఎన్నిసార్లు వేసుకుందో గుర్తుచేసుకుంటూ షీటులో నింపింది. ఒక్కసారీ వేసుకోనివి 19. వాటిలో ఏడింటికి ధర చీటీ కూడా ఊడలేదు. ఒకటి రెండుసార్లు వేసుకున్నవి 27. మూడుసార్లకు మించి ఒంటి మీదకు వచ్చినవి మరో 27. ఒంటికి తగలని ఆ పంతొమ్మిదింటికే 18,240 రూపాయలు పోసింది.

అప్పుడే ఇంకో నిలువు వరస చేర్చింది. ధరను వేసుకున్న సార్లతో భాగించే వరస. మంగళగిరిలో పానకాల స్వామి దర్శనానికి వెళ్లినప్పుడు 1,600 పెట్టి కొన్న నేత చీర ఉంది. ఆఫీసుకు కనీసం నలభైసార్లు కట్టింది. అంటే ఒక్కోసారికి నలభై రూపాయలు. ‘సగానికి సగం ధర’ అని మురిసిపోతూ 2,400కి తెప్పించిన అనార్కలీ ఒకే ఒక్క పెళ్లికి వేసుకుంది. అది ఒక్కసారికి 2,400. కొన్నప్పుడు చవక అనుకున్నదే ఇంట్లోకెల్లా ఖరీదైన బట్ట అయి కూర్చుంది.

తిప్పి పంపినవాటి కథ వేరు. వెనక్కి పంపితే డబ్బు వచ్చేసినట్టే కదా అనుకునేది. చూస్తే ఆ డబ్బు చాలాసార్లు ఆ యాప్‌లోని వాలెట్‌లోకే చేరింది. అక్కణ్నుంచి మళ్లీ అక్కడే ఇంకో కుర్తీగా మారింది. అత్తగారు గుమ్మంలో ఇచ్చింది నోట్లు. తిరిగొచ్చింది కోడలి వాలెట్‌లోకి!

సాయంత్రం ఏటీఎంకి వెళ్లి 5,750 రూపాయలు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. మర్నాడే కళ్లజోడు షాపుకి తీసుకెళ్లింది. అత్తగారు అద్దాలు పెట్టుకుని చూసి నవ్వారు. “ఇంత దుమ్ముందా ఈ ఇంట్లో?”

ఆ రాత్రి భర్తకు షీటు చూపించింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. కోప్పడతాడనుకుంది. “పాతదే అన్నావు చూడు... అది బాధగా ఉంది” అన్నాడు. డబ్బు గురించి ఒక్క మాటా అనలేదు.

పదిహేను రోజుల గడువు

పద్దు రాయడం కొత్తేం కాదు. చిట్టా, ఆవర్జా తెలియని వ్యాపారి లేడు. స్ప్రెడ్‌షీట్‌ అన్న మాటే లెడ్జరులో ఎదురెదురు పేజీలు పరిచి రాసుకునే కాగితం నుంచి వచ్చింది. 1978లో డాన్‌ బ్రిక్లిన్‌ అనే హార్వర్డ్‌ బిజినెస్‌ స్కూలు విద్యార్థికి ఓ ఆలోచన వచ్చింది. బోర్డు మీద వేసిన పట్టికలో ఒక అంకె మారితే మిగతావన్నీ చెరిపి మళ్లీ రాయాల్సి వస్తోంది కదా, ఆ పనేదో యంత్రమే చేస్తే? మిత్రుడు బాబ్‌ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి అతను తయారుచేసిన విసీకాల్క్‌ 1979లో మార్కెట్లోకి వచ్చింది. ఎక్సెల్‌ 1985లో పుట్టింది. ఒక గడి మారిస్తే మొత్తం లెక్క ఎలా మారుతుందో కళ్లముందు చూపించడమే దాని గొప్పతనం.

ఇప్పుడామెకు కావాల్సిందీ అదే. అయితే జరిగిపోయిన ఖర్చు రాసుకుంటే అది శవపరీక్షే అవుతుంది. కొనకముందే రాయాలి. అందుకని రెండో షీటు తెరిచింది. దానికి ‘కావాలి’ అని పేరు పెట్టింది.

ఏది నచ్చినా ముందు అందులో రాయాలి. వస్తువు, ధర, రాసిన తేదీ, గంట. ఆ పక్కన కొన్ని ప్రశ్నలు. ఇంట్లో ఇలాంటివి ఇప్పటికే ఎన్ని ఉన్నాయి? ఉన్నవాటిలో వేటితో కలిపి వేసుకోవచ్చు? రాబోయే నెలలో ఎక్కడికి వేసుకెళ్తాను? చివర్లో ‘మనసు’ అని ఒక గడి... ఇది చూసిన క్షణంలో ఎలా ఉన్నాను అని. ఇక తేదీకి పదిహేను రోజులు కలిపి గడువు చూపించే చిన్న సూత్రం రాసింది. గడువు తీరేదాకా ఆ వరస ఎర్రగా ఉంటుంది. తీరాక పచ్చగా మారుతుంది. పచ్చబడ్డాక కూడా కావాలనిపిస్తే కొనుక్కోవచ్చు. అడ్డేమీ లేదు.

మొదట ‘అసలు ధర’, ‘తగ్గింపు’ అని కూడా రెండు వరసలు పెట్టింది. వారం తిరక్కుండానే తీసేసింది. అవి ఉంటే చూపు వాటి మీదకే పోతోంది. జేబులోంచి పోయేది ఎంతో ఒక్క అంకె చాలు. డెలివరీ రుసుములన్నీ కలుపుకుని.

ఫోన్లోంచి యాప్‌లు తీసేసింది. ఏదైనా చూడాలంటే లాప్‌టాప్‌ తెరవాల్సిందే. దాచి ఉంచిన కార్డు నంబర్లు చెరిపేసింది. ‘వచ్చాకే డబ్బు’ పద్ధతి ఇక వద్దనుకుంది. గుమ్మంలో ఇంకొకరు తన కోసం పర్సు తీయకూడదు.

తప్పిన రోజు

అక్కడితో కథ సుఖాంతమైతే బాగుండేది. కాలేదు.

షీటు మొదలుపెట్టిన ఊపులో ఆమె ఇంకో ఒట్టు కూడా పెట్టుకుంది. దసరా దాకా ఒక్క గుడ్డముక్క కొనకూడదని. పదిహేను రోజుల గడువుతో ఆగొచ్చు కదా... లేదు, తనను తాను శిక్షించుకోవాలనిపించింది. ఆగస్టు రెండో వారంలో ఓ రాత్రి ఆ ఒట్టు గట్టునపడింది. స్వాతంత్య్ర దినోత్సవం పేరుతో అమ్మకాలు, ఆ మర్నాడే వరలక్ష్మీ వ్రతం. దానికితోడు ఆ రోజు ఆఫీసులో చేయని తప్పుకు మాటపడింది. పదకొండున్నరకు యాప్‌ మళ్లీ ఫోన్లోకి వచ్చింది. అర్ధరాత్రి దాటేసరికి అయిదు బట్టలు, 6,200 రూపాయలు.

వాటిని షీటులో రాయలేదు. అసలు షీటే తెరవలేదు. ఒకటి కాదు, రెండు కాదు, మూడు వారాలు. తప్పు చేశాక లెక్క చూడబుద్ధి కాదు. చూడకపోతే ఇంకో తప్పు చేయడం తేలిక. ‘ఎలాగూ చెడింది కదా’ అన్న మాట ఎంత ప్రమాదకరమో ఆ మూడు వారాల్లో ఆమెకు తెలిసొచ్చింది.

పార్సిళ్లు వచ్చిన సంగతి అత్తగారికి తెలుసు. ఈసారి డబ్బు కట్టాల్సిన పనిలేకపోయింది కాబట్టి క్యాలెండర్‌ మీద రాయలేదు. ఓ సాయంత్రం చిక్కుడుకాయలు వలుస్తూ అడిగారు. “ఆ పట్టీ రాయడం మానేశావేమ్మా?”

“మధ్యలో తప్పిపోయానత్తయ్యా. ఇంకేం రాస్తాను?”

“అదేం మాట? పాలబ్బాయి రాని రోజు కూడా మనం క్యాలెండర్‌ మీద సున్నా చుడతాం కదా. రాలేదు కదా అని ఆ గడి వదిలేస్తామా? వదిలేస్తే నెలాఖర్న వచ్చాడో రాలేదో తెలీక మొత్తం లెక్కే తప్పుతుంది. తప్పిన రోజు రాసుకోవడానికేనమ్మా లెక్క. అన్నీ సవ్యంగా జరిగితే రాయడం ఎందుకు?”

నలభై ఏళ్లు పాల లెక్క రాసిన మనిషి మాట అది. పన్నెండేళ్లు అకౌంట్స్‌లో పనిచేసిన మనిషి చిక్కుడుకాయ చేత్తో పట్టుకుని అలా ఉండిపోయింది.

ఆ రాత్రే షీటు తెరిచి అయిదింటినీ రాసింది. ‘మనసు’ గడిలో ‘మాటపడ్డాను’ అని అయిదుసార్లు. గడువు ఇంకా మిగిలి ఉండటంతో మూడింటిని తిప్పి పంపింది. రెండు ఉంచుకుంది. దసరా ఒట్టు తీసి గట్టున పెట్టింది. పదిహేను రోజుల గడువు మాత్రం ఉంచుకుంది.

‘మనసు’ గడి చెప్పిన మాట

నెలలు గడిచేకొద్దీ ఆమెకు ధరల వరసకన్నా ‘మనసు’ వరసే ఎక్కువ పనికొచ్చింది. పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే ఓ డైరీలా ఉంది. ‘అలసట’, ‘విసుగు’, ‘ఆయన ఊళ్లో లేరు’, ‘అక్క ఫొటోలు చూశా’, ‘నిద్రపట్టలేదు’, మళ్లీ ‘అలసట’. ‘పెళ్లికి కావాలి’, ‘పాతది చిరిగింది’ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. గంటల వరస చూస్తే ఇంకా స్పష్టం. పాత ఏడాది 94 ఆర్డర్లలో 58 రాత్రి పది దాటాక పెట్టినవే. కొత్త షీటులోనూ ఎక్కువ భాగం ఆ వేళవే.

రాత్రి పది తర్వాత ఆ ఇంట్లో ఏముంది? పిల్లలు పడుకుంటారు. గిన్నెలు అయిపోతాయి. మర్నాటి టిఫినుకు పిండి సిద్ధం. పొద్దున అయిదింటి నుంచి ఎవరో ఒకరికి అందుబాటులో ఉన్న మనిషికి, ఆ ఒక్క గంటా తనది. ఆ గంటలో ఆమె బట్టలు కొనడంలేదు. విశ్రాంతి కొనుక్కుంటోంది. తనకంటూ ఒక్క వస్తువు ఎంచుకునే స్వేచ్ఛ కొనుక్కుంటోంది. పార్సిలు వచ్చేసరికి ఆ అవసరం తీరిపోతోంది. అందుకే కొన్నింటికి ధర చీటీ కూడా ఊడలేదు.

ఈ సంగతి తెలిశాక పరిష్కారం పెద్దదేం కాలేదు. ఫోను హాల్లో ఛార్జింగులో పెట్టి పడగ్గదిలోకి వెళ్లడం, వారంలో రెండు రాత్రులు వంటిల్లు సర్దే పని భర్త తీసుకోవడం, రాజమండ్రిలో ఉన్న అక్కకు ఫొటోలు చూడటం మాని ఫోన్‌ చేయడం. కొన్నిసార్లు ఏదీ లేదు... ఊరికే బాల్కనీలో కూర్చోవడం. షీటు కోరికను చంపలేదు. ఆ కోరిక అసలు దేనికోసమో అడిగింది.

దానికీ హద్దులున్నాయి. బట్టలు తగ్గిన రెండు నెలలకే వంటింట్లో రంగురంగుల డబ్బాలు పెరగడం మొదలైంది. గమనించుకుని ‘ఇతరాలు’ అని మూడో పేజీ తెరవాల్సి వచ్చింది. అమ్మను చూసి కూతురు కూడా ఓ పేజీ అడిగింది. బూట్ల జతకు ఎదురుగా ‘ఎందుకు’ అన్నచోట నిజాయతీగానే రాసింది... ‘మా క్లాసులో ముగ్గురికి ఉంది’. పదిహేను రోజుల తర్వాత తనే కొట్టేసి, పక్కన ‘ఇప్పుడు వాళ్లు కూడా వేసుకోవట్లేదు’ అని చేర్చింది.

అత్తగారి వరస

2025 జూన్‌ చివర్లో ఏడాది లెక్క కట్టింది. ‘కావాలి’ షీటులో చేరినవి 81. గడువు తీరాక తనే కొట్టేసినవి 56. వాటిలో కొన్నింటి పేరు చదివితే అవి ఎలా ఉంటాయో కూడా గుర్తురాలేదు. తిప్పి పంపినవి ఆ మూడే. ఇంట్లో మిగిలినవి 22. ఖర్చు 29,700. కిందటేడాదితో పోలిస్తే 41,840 తక్కువ. సగటున ఒక్కో బట్టకు పెట్టింది మాత్రం ఎక్కువే. ఆ ఇరవై రెండూ ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. వేసుకోని పాతవి కొన్ని తెలిసినవాళ్ల పిల్లలకు వెళ్లాయి. ఓ అయిదారు, వీధి చివరి దర్జీ చేతిలో పడి కూతురికి సరిపోయాయి. బీరువా తలుపు మూసుకుంటోంది. కుర్చీ మళ్లీ భోజనాల బల్ల దగ్గరకు చేరింది.

‘పాతదేనండీ’ అన్న మాట కూడా ఆ ఇంట్లో వినపడటంలేదు. కొత్తది కట్టుకున్న రోజు ఆమే ముందుగా చెబుతోంది. “ఇది కొత్తది. పదిహేడు రోజులు ఆగి కొన్నా.”

ఆ జులైలోనే ఓ మధ్యాహ్నం అత్తగారు పేపరు చదువుతూ చదువుతూ ఆగారు. కొత్త అద్దాలొచ్చాక భూతద్దం పూజగది అరలోకి వెళ్లిపోయింది. నేత చీరల ఫొటో ఒకటి వేలితో చూపించారు.

“అమ్మాయ్‌, ఆ పట్టీలో నాకూ ఓ వరస ఉంటుందా?”

కోడలు ఆశ్చర్యపోయింది. కాపురానికి వచ్చి పదహారేళ్లయింది. ఆవిడ నోటివెంట ‘నాకు కావాలి’ అన్న మాట వినడం అదే మొదటిసారి.

లాప్‌టాప్‌ తెరిచి రాసుకుంది. వెంకటగిరి నూలు చీర, లేత నీలం, సన్నంచు. ఇంట్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయి? ఒకటీ లేదు. ఎక్కడికి కట్టుకెళ్తారు? గుడికి. ఎందుకు అని అడిగితే ఆవిడ కాసేపు ఆలోచించారు.

“కట్టుకోవాలని ఉంది. అంతే రాయి.”

అంతే రాసింది. “మీకు గడువు అక్కర్లేదత్తయ్యా, రేపే వెళ్లి తెచ్చుకుందాం” అంది.

“అదేం కుదరదు. లెక్క లెక్కే” అన్నారావిడ. లేచి వెళ్లి క్యాలెండర్‌ మీద ఆ రోజు నుంచి పదిహేను గళ్లు వేలితో లెక్కపెట్టుకుని, ఆఖరి గడిలో ‘పా 1’ రాసే చోటికి కాస్త కిందుగా, చిన్నగా ‘చీ’ అని రాసుకున్నారు.

పదిహేనో రోజు పొద్దున్నే, పాలబ్బాయికంటే ముందే, కోడలి గది తలుపు తట్టారు.

“అమ్మాయ్‌... పచ్చబడిందేమో చూడు.”